చిన్న సంస్థలో పని నేర్పడం, చేయించడం: అపోహలు – వాస్తవాలు

అపోహ: పని నేర్పిస్తే వేరేచోటికి వెళ్లిపోతారు.

వాస్తవం: నేర్పకపోయినా వెళ్తారు. బిల్లింగ్ చూసే మనిషి రెండు రోజులు సెలవు పెడితే బిల్లులు ఆగిపోతున్నాయా? అసలు చిక్కు అక్కడుంది. ఒక కాగితం మీద నిలువుగా పేర్లు, అడ్డంగా పనులు రాయండి. పని రాకపోతే 0, పక్కన ఎవరైనా ఉంటే చేయగలిగితే 1, ఒంటరిగా చేయగలిగితే 2, ఇంకొకరికి నేర్పగలిగితే 3. ఏ పని కింద 2 గానీ 3 గానీ ఒక్కరికే ఉందో, శిక్షణ ఆ పనితో మొదలుపెట్టాలి. అంకెలు అడిగి వేయకండి, పని చేయించి చూసి వేయండి. అడిగితే మొహమాటానికి అందరూ 2 అనేస్తారు.

అపోహ: పక్కన నిలబడి చూస్తుంటే పని అదే వచ్చేస్తుంది.

వాస్తవం: చూస్తే చేయి ఎలా ఆడుతోందో తెలుస్తుంది, ఎందుకలా ఆడుతోందో తెలీదు. 1940లలో అమెరికా కర్మాగారాల్లో కొత్తవాళ్లకు త్వరగా పని నేర్పడానికి వాడిన నాలుగు మెట్ల పద్ధతి ఇప్పటికీ అక్కరకొస్తుంది. ముందు ఆ పని గురించి ఏం తెలుసో కనుక్కోవాలి. తర్వాత ఒక్కో అంచె చేసి చూపిస్తూ, ఎక్కడ జాగ్రత్తపడాలో, ఎందుకో చెప్పాలి. మూడో మెట్టులో వాళ్లచేత చేయించాలి. ఒక్కో అంచెకూ కారణం ఈసారి వాళ్లే చెప్పాలి. ఆపైన పని అప్పగించి, సందేహమొస్తే ఎవరినడగాలో చెప్పి, మొదట్లో తరచుగా, పోనుపోను తక్కువగా చూస్తుండాలి. బెడిసికొట్టేది ఎక్కువగా మూడో మెట్టు దగ్గరే. చిన్న పొరపాటు కనబడగానే యజమాని పని లాక్కుని తానే చేసేస్తాడు. ఆ పూటకు పని అయిపోతుంది, నేర్పడం మాత్రం మళ్లీ మొదటికొస్తుంది.

అపోహ: జీతం పెంచితే అంతా సర్దుకుంటుంది.

వాస్తవం: తక్కువ జీతానికి మనుషులు నిలవరు, నిజమే. కానీ ఒకే పనిని ఇద్దరు భాగస్వాములు రెండు రకాలుగా పురమాయిస్తుంటే, ఎంత పెంచినా ఆ చికాకు తీరదు. ఏ విషయంలో ఎవరి మాట చెల్లుతుందో ముందు మీలో మీరు తేల్చుకోండి.

అపోహ: బాగా పనిచేసేవాళ్లను సూపర్‌వైజర్ చేస్తే సరి.

వాస్తవం: చేయడం వేరు, చేయించడం వేరు. హోదా ఇచ్చేముందు కొత్తగా వచ్చిన ఒకరికి ఒక పని నేర్పమని అప్పగించి చూడండి.

అపోహ: తప్పును అందరి ముందూ ఎత్తిచూపితే మిగతావాళ్లూ జాగ్రత్తపడతారు.

వాస్తవం: పడతారు, తప్పు బయటపడకుండా! ‘నీకు బాధ్యత లేదు’ అంటే ఎదుటివాళ్లకు దిద్దుకోవడానికేమీ దొరకదు. ‘పొద్దున వెళ్లిన రెండు పార్సిళ్లలో బిల్లు లేదు, ఇకనుంచి టేపు వేసేముందు చూడండి’ అని అదే రోజు, విడిగా పిలిచి చెప్పండి.