ఓడిపోతారని తెలిసినా ఎందుకు వింటాం?

చిరంజీవి అమ్మలుకీ, దాని పక్కన చేరి ఫోన్లో కథలు వినే పిల్లలందరికీ పర్లాకిమిడి నుంచి తాత ఆశీస్సులు.

"బొబ్బిలి కోట పడిపోతుందని ముందే తెలుసు కదా తాతా, మరి వింటుంటే ఎందుకంత టెన్షన్? ఇంకో రాజుల కథ పెడితే పావుగంటకే నిద్రొచ్చేసింది" అని అడిగావు. మీ నానమ్మ పెద్దపండగ అరిసెలు మొదలుపెట్టింది. ఆ పొయ్యి దగ్గర కూర్చునే జవాబు రాస్తున్నా.

1757 జనవరి 24 నాటి యుద్ధం, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు విజయరామరాజు పగ, బొబ్బిలి రాజు రంగారావు పంతం, ఇదంతా అరిసెల పిండి. వట్టి పిండి నోట్లో పోసుకుంటే పొలమారుతుంది. దాన్ని పట్టి ఉంచే బెల్లంపాకమే కథ అల్లిక. పాకం లేతదైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే పళ్లకు లొంగదు. ఇక చదివే గొంతు పొయ్యిలో మంట. నానమ్మ పాకం చుక్క నీళ్లలో వేసి, ఉండ కడుతోందో లేదో వేళ్లతో నలిపి చూసి, అప్పుడు మంట తగ్గిస్తుంది. మొదటి నుంచి చివరిదాకా ఒకే మంట మీద ఉంచితే పాకం మాడుతుంది. నీకు నిద్ర తెప్పించింది అలాంటి చదువే.

బొబ్బిలి కథలో పాకం ఎక్కడ కుదిరిందో చూడు. ఆ రోజు బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు కోటలో లేడు, రాజాంలో ఉన్నాడు. కోట పడుతుందని మనకు తెలుసు, అతనికి తెలియదు. అందుకే మన ప్రాణం రాజాం దారిలో కొట్టుకుంటుంది.

నా చిన్నతనంలో కోతలయ్యాక బుర్రకథ వాళ్లు వచ్చేవారు. మా పక్కింటి ఒడియా పిల్లలకు తెలుగు సగమే తెలిసేది. అయినా పాపారాయుడు పగ తీర్చుకోవడానికి విజయరామరాజు గుడారంలోకి దూరే ఘట్టంలో మాతోపాటే ఊపిరి బిగబట్టేవారు. కథకుడు అక్కడ తంబురా ఆపేసేవాడు. వంతలు గుమ్మెటల మీద అరచేతులు ఆనించి ఉంచేవారు. "ఆపైన ఏమైంది?" అని వంత అడిగేదాకా కథ కదిలేది కాదు. గొంతు ఆగితే గుండె ఎందుకు పరుగెడుతుందో, అమ్మలూ, ఇప్పటికీ నాకు వింతే!

కథను ఒకటిన్నర స్పీడులో పెట్టి వినకండి. చదివేవాళ్లు కావాలని ఇచ్చిన ఆ కాస్త మౌనాన్ని కోసేసినట్టే. ఈసారి గుడారం ఘట్టం మామూలు స్పీడులో విని, తర్వాత నువ్వే తమ్ముడికి పైకి చదివి వినిపించు. నువ్వు ఆగినచోట వాడి మొహం ఎలా ఉందో చూసి నాకు రాయి. పండక్కి వచ్చినప్పుడు బొబ్బిలి యుద్ధ స్తంభం దగ్గరికి తీసుకెళ్తాను. ఫోన్‌కి చార్జింగ్ పెట్టుకుని రండి.

మీ తాత