గిఫ్ట్ డీడ్‌లో లేకుండా పోయిన ఆ ఒక్క వాక్యం

అమ్మానాన్నలను చూడని ప్రభుత్వ ఉద్యోగుల జీతంలో 10 నుంచి 15 శాతం కోసి ఆ అమ్మానాన్నల ఖాతాలో వేస్తామని 2025 అక్టోబర్‌లో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అన్నప్పటి నుంచి ఈ చర్చ చల్లారినట్టే చల్లారి మళ్లీ లేస్తోంది. అస్సాం 2017లోనే ఇలాంటి చట్టం చేసింది. మంచిదే, కానీ ఇల్లు రాసిచ్చేసి అదే ఇంట్లో పరాయివాళ్లైపోయిన వాళ్లకు దీంతో ఒరిగేదేంటి?

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం గురించి ఎంతోకొంత అందరూ విన్నారు. అసలు కీలకం అందులోని సెక్షన్ 23. చూసుకోవాలన్న షరతుతో ఆస్తి తీసుకుని చూడకపోతే, ఆ బదిలీని మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టు లెక్కగట్టి, ఈ చట్టం కింద కేసులు వినే ట్రిబ్యునల్ రద్దు చేయొచ్చు. చిక్కంతా ఆ 'షరతు' దగ్గరే. మన గిఫ్ట్ డీడ్‌లలో, అంటే ఆస్తిని ఊరికే రాసిచ్చే దస్తావేజుల్లో, 'ప్రేమాభిమానాలతో', 'దాన విక్రయాది సర్వహక్కులతో' అని రాస్తారు, కన్నకొడుకు ముందు కూర్చుని నన్ను చూసుకుంటానని రాయించండి అని ఏ తల్లి నోరు తెరిచి అడుగుతుంది?

2022 డిసెంబర్‌లో హర్యానా నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, షరతు ఉన్నట్టు రుజువు కావాల్సిందే, అయినవాళ్లకు ఇచ్చేటప్పుడు చాలాసార్లు ఏమీ ఆశించకుండానే ఇస్తారు అంది. నా లెక్కలో మలుపు అదే. అడగలేకపోయిన మొహమాటమే పెద్దవాళ్ల మెడకు చుట్టుకుంది.

2025 జనవరి 2న అదే సుప్రీంకోర్టులో గాలి కొంత మారింది. మధ్యప్రదేశ్‌లోని ఛత్తర్‌పూర్ తల్లి 2019లో కొడుక్కి గిఫ్ట్ డీడ్ ఇచ్చింది, చూసుకుంటానని కొడుకు విడిగా రాసిచ్చిన హామీపత్రం ఆమె దగ్గర ఉంది, అది కల్పితమని అతని వాదన. జస్టిస్ రవికుమార్, జస్టిస్ సంజయ్ కరోల్ ఆమె పక్షాన నిలిచి డీడ్ రద్దు చేశారు, ట్రిబ్యునల్ ఇల్లు ఖాళీ చేయించి స్వాధీనం కూడా ఇప్పించవచ్చన్నారు. ఆ మార్చిలో మద్రాసు హైకోర్టు ఇంకో అడుగు వేసి, ప్రేమాభిమానాలతో ఇవ్వడంలోనే షరతు ఇమిడి ఉందంది.

అన్నదమ్ముల గొడవలో పెద్దవాళ్లను ముందుపెట్టి కేసులు వేయిస్తారని పిల్లల వైపు వాదన. కోడలి నివాస హక్కును పక్కనపెట్టొద్దని 2020లో సుప్రీంకోర్టే చెప్పింది. నిజమే, విచారణలో తేలాల్సినవే.

అయితే రిజిస్ట్రేషన్‌కు ముందే గుర్తులు కనిపిస్తాయి: పాస్‌బుక్, ఏటీఎం కార్డు వేరేవాళ్ల చేతుల్లోకి పోవడం, చుట్టాలొస్తే ఒంటరిగా మాట్లాడనివ్వకపోవడం, మందులు ఆగిపోవడం, సంతకానికి తొందరపెట్టడం. అప్పుడే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయొచ్చు, ఆర్డీవోకు అర్జీ పెట్టొచ్చు. ఇవ్వాలనుకుంటే వీలునామా రాయండి, బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. గిఫ్టే అయితే పోషణ షరతు, జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కు దస్తావేజులోనే ఉండాలి. జీతాల కోత మాట్లాడే ప్రభుత్వం, సబ్‌రిజిస్ట్రార్ పెద్దవాళ్లను పక్కకు పిలిచి ఆ వాక్యం ఉందా అని అడిగాకే ముద్ర వేయాలన్న నిబంధన కూడా పెట్టాలి.