డెల్టా మట్టిలో పునాది పని: భద్రత ఎవరి దాకా వచ్చింది?

గోదావరి డెల్టాలో పునాది తవ్వితే చాలాచోట్ల నడుము లోతు దాటకముందే ఊట పడుతుంది. ఒండ్రు మట్టి తడిసిందంటే నిలవదు, పక్కనుంచి జారిపోతుంది. ఒక ఘనమీటరు తడి మట్టి బరువు టన్నున్నర పైమాటే. అది ఛాతీ మీద పడితే తల బయటే ఉన్నా ఊపిరి ఆడదు. కట్టుబడి పనుల్లో భద్రత కోసం డ్రోన్లు, సెన్సర్లు వస్తున్నాయని వింటున్నాం. మంచిదే. కానీ మన దగ్గర ఆ మాట ఈ గోతి నుంచే మొదలుకావాలి.

ఇక్కడ పెద్ద పనులకు కొదవ లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాటన్‌ను, ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్నను గుర్తుపెట్టుకున్నాం. రాళ్లు మోసిన కూలీల పేర్లు మనకు మిగల్లేదు. తర్వాత 1897–1900 మధ్య రాజమండ్రి దగ్గర 56 స్పాన్ల హేవలాక్ వంతెన లేచింది. ఏటి ఇసుకలో స్తంభం నిలబెట్టాలంటే ముందు బావిలాంటి బోలు పునాదిని దింపాలి. లోపలి ఇసుక తోడేకొద్దీ బావి తన బరువుకు తానే దిగుతుంది. అడుగున బండో, దుంగో అడ్డుపడితే ఈతగాడు మునిగి చూడాల్సిందే. ఒకవైపు ఒరిగితే సరిచేయడం మరో గండం. 1974లో రోడ్డు కం రైలు వంతెన, 1982లో కొత్త బ్యారేజీ, 1997లో ఆర్చ్ వంతెన వచ్చేనాటికి మనిషి బలం చేసే పని చాలావరకు క్రేన్ల చేతికి వెళ్లింది. ఇప్పుడు బావి ఏ మాత్రం ఒరుగుతున్నా పరికరాలే చెబుతాయి.

బయటి దేశాల్లోనూ పెద్ద పనులే దారి చూపించాయి. అమెరికాలో 1937లో పూర్తయిన గోల్డెన్ గేట్ వంతెన కింద కట్టిన వల 19 మందిని కాపాడింది. అదే ఏడు ఫిబ్రవరిలో పరంజా తెగి ఆ వల మీదే పడడంతో 10 మంది చనిపోయారు కూడా. ఒక్క ఏర్పాటునే నమ్ముకుంటే చాలదని ఆ రోజే తేలింది.

మన చట్టం ఆలస్యంగా కదిలింది. 1923 నాటి చట్టం ప్రమాదం జరిగాక పరిహారం ఇప్పించేది. ప్రమాదమే జరగకుండా భవన నిర్మాణ కార్మికుల కోసం ప్రత్యేక చట్టం 1996లో గానీ రాలేదు. అది కూడా పదిమంది, అంతకు మించి కార్మికులున్న చోటికే. 10 లక్షల రూపాయల లోపు సొంతిల్లు కట్టుకునేవారికి మినహాయింపు ఇచ్చారు. సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి కావాలంటే, 1998 కేంద్ర నిబంధనల ప్రకారం 500 మంది ఉండాలి. దాని స్థానంలో వచ్చిన కార్మిక భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ (2020) ఆ సంఖ్యను 250కి తగ్గించింది, సొంతింటి మినహాయింపును మాత్రం 50 లక్షలకు పెంచింది. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లో ఉంది.

నా బాధంతా చట్టం ఎవరికి వర్తిస్తుందో చెప్పే ఈ గీత గురించే. అమలాపురంలోనో, పాలకొల్లులోనో, భీమవరంలోనో వీధికొకటి లేస్తున్న రెండంతస్తుల ఇళ్ల దగ్గర పనిచేసేది ఒక తాపీ మేస్త్రీ, ఐదారుగురు కూలీలు. వాళ్లు గీతకు అవతలే ఉండిపోయారు. హెల్మెట్ పెట్టుకోని మనిషిని గుర్తుపట్టే కెమెరాలు, బరువు మించితే ఆగిపోయే క్రేన్లు, యంత్రానికి దగ్గరగా వెళ్తే మోగే ట్యాగులు పెద్ద కాంట్రాక్టుల్లోకే వస్తాయి. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం కోసం గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మీద కట్టే వంతెనల్లాంటి చోట వాటికి డబ్బూ, చూసుకునే మనుషులూ ఉంటారు. చిన్న సైటుకు అవి రావడానికి ఇంకా చాలా కాలం పడుతుంది.

అక్కడికి ఈరోజే రాగలిగేవి వేరు. ఊట నీళ్లు తోడే మోటారు వైరు బురదలో పడి ఉంటుంది, మనుషులు అదే బురదలో చెప్పుల్లేకుండా దిగుతారు. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతే చాలు, కన్ను మూసి తెరిచేలోగా సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ అనే స్విచ్చు రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతుంది. దాన్ని మేస్త్రీ ఒక సైటు నుంచి ఇంకో సైటుకు పట్టుకెళ్లొచ్చు. స్లాబు కింద సర్వీ కర్రలకు బదులు ఇనప జాకీలు అద్దెకు వస్తాయి. స్లాబు మీద పనిచేసేవాళ్లకు పిడుగు గండం ఉంది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ దగ్గర్లో పిడుగులు పడే సూచన ఉంటే ఫోన్‌కు ముందే చెబుతుంది. 1.5 మీటర్లు దాటిన గోతికి పక్కల ఆధారం కట్టాలని తవ్వకాల భద్రతకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 3764 ఎప్పుడో చెప్పింది. చెక్కలూ, అడ్డకర్రలూ చాలు, దానికి సెన్సర్ అక్కర్లేదు. డాబా పక్కనుంచి 11 కేవీ లైను పోతుంటే ఇనప చువ్వలు పైకి ఎత్తకముందే లైన్‌మన్‌ను పిలిపించి సరఫరా ఆపించాలి.

ఇల్లు కట్టడానికి ప్లాన్ అనుమతి ఇచ్చేటప్పుడే, మినహాయింపు లేని కట్టడాలకు కార్మికుల సంక్షేమానికి వాడే సెస్సు ముందుగా వసూలు చేసే వీలు చట్టంలో ఉంది. కట్టుబడి ఖర్చులో కనీసం 1 శాతం. మినహాయింపు ఉన్న ఇంటికి కూడా ఆ అనుమతి కాగితంలోనే ఆర్‌సీసీబీ పెడతామని, లోతు గోతికి ఆధారం కడతామని రాయించుకోవచ్చు. పంచాయతీలూ మున్సిపాలిటీలూ అది అడగడం మొదలుపెట్టాలి.