లైబ్రరీలో ఒక రంగు, డెవలప్‌లో ఇంకో రంగు

ఫొటోలు సర్దుకోవడానికి, ఎడిట్ చేయడానికి అడోబ్ చేసిన లైట్‌రూమ్ క్లాసిక్ సాఫ్ట్‌వేర్‌ని వాడే ఫొటోగ్రాఫర్లలో చాలామంది ఈ తికమక చూసే ఉంటారు. ఫొటోలు తిప్పి చూసుకునే లైబ్రరీ విభాగంలో పెళ్లికూతురి పట్టుచీర నిండు ఎరుపులో కనిపిస్తుంది. ఎడిట్ చేసే డెవలప్ విభాగంలోకి వెళ్తే అదే చీర కాస్త వెలిసినట్టో, నారింజ వైపు జరిగినట్టో ఉంటుంది. ఒక్క స్లైడర్ కూడా కదపలేదు. రేపు ఆల్బమ్ ప్రింటింగ్‌కి వెళ్లాలంటే టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది?

ఈ కథ లైట్‌రూమ్ కంటే పాతది. 1990లో ఫొటోషాప్ వచ్చినప్పుడు ఫైల్‌లోని అంకెలు దాదాపు ఉన్నవి ఉన్నట్టే మానిటర్‌కి వెళ్లేవి. ఏ మానిటర్ రంగు దానిదే. దీన్ని దారికి తేవడానికి 1993లో అడోబ్, యాపిల్, కొడాక్ వంటి కంపెనీలు ఇంటర్నేషనల్ కలర్ కన్సార్టియంగా ఏర్పడ్డాయి. ప్రతి పరికరం రంగుల్ని ఎలా చూపిస్తుందో చెప్పే ప్రొఫైల్ ఒకటి ఉండాలన్నది వాళ్ల పద్ధతి. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి మామూలు మానిటర్లకు సరిపోయే ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పరిధిని, అంటే ఏయే రంగులు చూపించవచ్చో చెప్పే హద్దును, ప్రతిపాదించాయి.

1998లో జరిగింది మాత్రం తమాషాగా ఉంటుంది. ఫొటోషాప్ 5 కోసం అడోబ్ ఒక టీవీ ప్రమాణం పేరుతో కొత్త రంగుల పరిధిని చేర్చింది. తీరా చూస్తే వాళ్లు తీసుకున్న అంకెలు ఆ ప్రమాణం అసలు అంకెలు కావు. కానీ పరిధి పెద్దది కావడంతో ప్రింటింగ్ వాళ్లకు అది నచ్చింది. దాంతో అంకెలు మార్చకుండా పేరు మార్చేశారు. అదే అడోబ్ ఆర్‌జీబీ 1998. పొరపాటున పుట్టిన ఆ పరిధే లైట్‌రూమ్ లైబ్రరీలో ఇవాళ్టికీ పనిచేస్తోంది.

లైట్‌రూమ్ తొలి బీటా 2006 జనవరిలో, 1.0 వెర్షన్ 2007 ఫిబ్రవరిలో వచ్చాయి. వేల రా ఫైళ్లను, అంటే కెమెరా సెన్సర్ పట్టిన డేటాను ఉన్నదున్నట్టు దాచిన ఫైళ్లను, చకచకా తిప్పి చూడాలి, ఒక్కోదాన్నీ లోతుగా ఎడిట్ చేయాలి. అప్పటి కంప్యూటర్లతో ఈ రెండూ ఒకే దారిలో కుదిరేవి కావు. అందుకే లైబ్రరీకి ముందే తయారుచేసి దాచిన జేపెగ్ ప్రివ్యూలు ఇచ్చారు, అవి అడోబ్ ఆర్‌జీబీలో ఉంటాయి. డెవలప్ మాత్రం రా డేటాను అప్పటికప్పుడు లెక్కగట్టి చూపిస్తుంది. దాని పునాది కొడాక్ రూపొందించిన, ఇంకా విశాలమైన ప్రోఫొటో ఆర్‌జీబీ. అంటే మనం చూసేది ఒక బొమ్మనే రెండు కిటికీల్లోంచి కాదు, విడివిడిగా తయారైన రెండు బొమ్మల్ని. అప్పటికి అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. కాకపోతే ఆ సంగతి తెరమీద ఎక్కడా కనిపించదు.

ఇంపోర్ట్ చేయగానే ఫొటో ఒక్క క్షణం బాగుండి తర్వాత చప్పబడటం వేరే సంగతి. మొదట కనిపించేది కెమెరా తానే తయారుచేసి రా ఫైల్‌లో పెట్టిన జేపెగ్. ఆ తర్వాత దాని స్థానంలోకి లైట్‌రూమ్ లెక్కగట్టిన బొమ్మ వస్తుంది. లైబ్రరీకీ డెవలప్‌కీ మధ్య షార్ప్‌నెస్, నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) తేడాలనిపిస్తే నూరు శాతం జూమ్‌లో చూశాకే ఒక మాట అనుకోవాలి.

రంగు కొట్టొచ్చినట్టు మారితే మాత్రం నా అనుమానం ముందుగా మానిటర్ ప్రొఫైల్ మీదే. రెండు బొమ్మలూ చివరికి ఆ ప్రొఫైల్ గుండానే తెరమీదకు రావాలి. ప్రొఫైల్ సరిగ్గా ఉంటే రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అది పాడైతే, వేర్వేరు పరిధుల నుంచి వచ్చే రంగులు వేర్వేరుగా దెబ్బతింటాయి. మానిటర్ డ్రైవర్‌తో పాటు వచ్చిన ప్రొఫైళ్లలోనూ ఇలాంటివి ఉంటాయి. విండోస్‌లో కలర్ మేనేజ్‌మెంట్ తెరిచి, కాసేపు ఎస్‌ఆర్‌జీబీని డిఫాల్ట్‌గా పెట్టి, లైట్‌రూమ్‌ని మూసి మళ్లీ తెరవండి. రెండుచోట్లా చీర ఒకే ఎరుపులో ఉంటే దొంగ దొరికినట్టే. ఎస్‌ఆర్‌జీబీ తాత్కాలికం మాత్రమే, ఆ తర్వాత తెర రంగుల్ని కొలిచే క్యాలిబ్రేటర్ అనే పరికరంతో మీ మానిటర్‌కి కొత్త ప్రొఫైల్ చేసుకోవాలి.