మంట ముందు కూర్చోవాలా, నిలబడాలా?

గాజు పూసలు చేయడం మొదలుపెట్టిన కొత్తలో అందరూ చెయ్యి కాలుతుందనే భయపెట్టారు. చెయ్యి పెద్దగా కాలలేదు కానీ ఆరు నెలలు తిరక్కుండానే మెడ పట్టేసింది. పొద్దున లేచి పక్కనున్న గడియారం చూడాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చేది. కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కి, కడ్డీ తిప్పుతూ తిప్పుతూ ఉండగా పట్టు జారేది. ఒకరోజు అలా జారిన పూస నా ఒళ్ళోనే పడింది, మందపాటి ఏప్రన్ ఉంది కాబట్టి తొడ మీద చిన్న బొబ్బతో పోయింది.

బర్నర్ దగ్గర గాజు పని చేసేవాళ్ళు ఇద్దరు కలిస్తే ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది: నువ్వు కూర్చుని చేస్తావా, నిలబడి చేస్తావా? ఎవరికి అలవాటైంది వాళ్ళకు గొప్ప. నేను రెండూ చేశాను, రెండింటిలోనూ నొప్పులు పడ్డాను, ఆ తర్వాత ఒక టేపు తీసుకుని కొలవడం మొదలుపెట్టాను. కొలిచాక తెలిసింది, నేను అడగాల్సింది వేరే ప్రశ్న అని. మంట నా మోచేతికి ఎంత ఎత్తులో ఉంది, నా మొహానికి ఎంత దూరంలో ఉంది? ఈ రెండూ సరిపోతే కుర్చీ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ముందు పనేమిటో చెప్తాను. బల్లకు బిగించిన బర్నర్‌లో ఎల్పీజీ, ఆక్సిజన్ కలిసి మండుతుంటాయి. (ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ అంటే కోవిడ్ తర్వాత ఎవరికీ వివరించక్కర్లేదు. అదే యంత్రం, గాలిలోని నైట్రోజన్‌ని పట్టేసుకుని ఆక్సిజన్ వదులుతుంది, పూసల పనికి అది చాలు.) ఒక చేతిలో రంగు గాజు కడ్డీ, రెండో చేతిలో బంకమట్టి లాంటి పూత పూసిన సన్నటి స్టీలు కడ్డీ. మంటలో కరిగిన గాజును ఈ స్టీలు కడ్డీ చుట్టూ చుడితే పూస అవుతుంది. మామూలు సోడా గాజు 700 డిగ్రీల పైచిలుకులో మెత్తబడుతుంది, ఇంకా వేడెక్కితే తేనెలా సాగుతుంది. తేనెలా అన్నాను కానీ పని చేసే వేడి దగ్గర కూడా అది తేనె కంటే సుమారు వంద రెట్లు చిక్కగా ఉంటుంది, మనం దాన్ని చుట్టగలిగేది అందుకే. అయినా బరువుకు కిందికి జారుతూనే ఉంటుంది కాబట్టి స్టీలు కడ్డీని ఆపకుండా తిప్పాలి. ఒక్క రెండు క్షణాలు ఆపామా, పూస ఒక పక్కకు బొజ్జలా వేలాడుతుంది. అంటే పావుగంటో ఇరవై నిమిషాలో రెండు చేతులూ మంట ముందు గాల్లోనే ఉండాలి, వేళ్ళు మాత్రమే కదలాలి.

ఇక్కడే కూర్చోవడానికి బలమైన కారణం ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి చెయ్యి కూడా సెకనుకు 8 నుంచి 12 సార్లు కంటికి కనిపించనంత సన్నగా వణుకుతూనే ఉంటుంది, అలసిపోయిన కొద్దీ ఆ వణుకు పెరుగుతుంది. మోచెయ్యి దేనికైనా ఆనించామంటే భుజం వణుకు వేళ్ళదాకా రాదు. ఇక కదలకుండా నిలబడ్డాననుకుంటాం కానీ నిజానికి నిలబడ్డ మనిషి ఎప్పుడూ కొంచెం ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటాడు, చీలమండలు సర్దుకుంటూనే ఉంటాయి. కళ్ళు మూసుకుని రెండు పాదాలూ దగ్గర పెట్టి నిలబడి చూడండి, వెంటనే తెలుస్తుంది. పది మిల్లీమీటర్ల పూస మీద వెంట్రుకంత గీత పెట్టేటప్పుడు ఆ ఊగుడు కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే చిన్న పూసలకు నేను కూర్చునే చేస్తాను, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

అసలు ఈ పనివాళ్ళు కూర్చోవడం ఎప్పటిదో అని చదివితే నాకు భలే నచ్చిన సంగతి ఒకటి దొరికింది. గ్యాస్ రాకముందు యూరప్‌లో ఈ పని నూనె దీపం ముందు చేసేవాళ్ళు. ఉత్త దీపం గాజును కరిగించలేదు కదా, బల్ల కింద తోలు తిత్తి పెట్టి, కాలితో తొక్కుతూ దీపం మీదికి గాలి ఊదేవాళ్ళు. ఒక కాలు అదేపనిగా తిత్తి తొక్కుతుంటే నిలబడి చేతులు కదలకుండా ఉంచడం ఎవరి వల్ల అవుతుంది? కూర్చోక తప్పదు. ఆ తర్వాత గ్యాస్ వచ్చింది, తిత్తి పోయింది, కుర్చీ మాత్రం ఉండిపోయింది.

మన దగ్గర కుర్చీ కూడా లేదు, నేల మీదే. ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్‌లో గాజుల కొసలు అతికేవాళ్ళు ఇళ్ళల్లో నేల మీద కూర్చుని చిన్న మంట ముందు వరసగా అతుకుతారు. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌కు వెళ్ళినవాళ్ళు లక్క గాజులు చేసేవాళ్ళను చూసే ఉంటారు, ముందు నిప్పులు పెట్టుకుని కింద కూర్చుని లక్కను సాగదీసి గుండ్రంగా చుట్టి రాళ్ళు పొదుగుతారు (ఈ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది). అది చూసి నేనూ కింద కూర్చుని చేస్తే పోలా అనుకున్నాను. కానీ లక్క నూరు డిగ్రీల లోపే మెత్తబడుతుంది, దానికి మొహం దగ్గరగా పెట్టినా ఫర్వాలేదు, గాజుకు కావాల్సిన మంట వేరు. ఇక తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలో పూసలు చేసే పాత పద్ధతి అసలు ఈ లెక్కలోకే రాదు. అక్కడ కొలిమిలోంచి గాజును సన్నటి గొట్టంగా లాగి ముక్కలు కొడతారు, మన సముద్ర వ్యాపారమంత పాత విద్య అది. దాని గురించి విడిగా రాయాలి.

నేల మీద వద్దనడానికి ఇంకో కారణం ఎల్పీజీ. అందులోని ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, బ్యూటేన్ రెండు రెట్లు. ఎక్కడైనా లీకయితే పైకి పోదు, నేలను పట్టుకుని పాకి పల్లంలో చేరుతుంది. నేల మీద మంట పెట్టుకుని కూర్చోవడమంటే సరిగ్గా అది చేరే చోటే నిప్పు పెట్టుకోవడం. సెల్లార్‌లో ఈ పని పెట్టకూడదన్నదీ అందుకే. నా సిలిండర్ బయట బాల్కనీలో ఉంటుంది, పని అయిపోగానే అక్కడే కట్టేసి వస్తాను.

ఇప్పుడు వెన్ను సంగతి. కూర్చుంటే నడుము పోతుంది, నిలబడితే మంచిది అని చాలామంది నమ్మకంగా చెప్తారు. ఈ మాటకు మూలం స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960లలో చేసిన కొలతలు. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులో సూది పెట్టి ఒత్తిడి కొలిస్తే, నిలబడినప్పటి కంటే కూర్చున్నప్పుడు దాదాపు 40 శాతం ఎక్కువ వచ్చింది. తర్వాత జర్మనీలోని ఉల్మ్‌లో విల్కే బృందం కొత్త సాధనంతో మళ్ళీ కొలిచి 1999లో ప్రచురించింది. నిలబడితే 0.5 మెగాపాస్కల్, వెనక ఆనుకోకుండా మామూలుగా కూర్చుంటే 0.46. అంటే తేడా దాదాపు లేదు! కానీ కూర్చుని బాగా ముందుకు వంగితే 0.83, నిలబడి వంగితే 1.1. ఇది ఒక్క మనిషి డిస్కులో తీసుకున్న కొలత, అందరికీ ఇదే అంకె వస్తుందని కాదు. అయినా ఈ నాలుగు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూశాక నా మెడ నొప్పి నాకు అర్థమైంది. నన్ను దెబ్బతీసింది కుర్చీ కాదు, వంగడం.

ఎందుకు వంగుతున్నానో టేపు చెప్పింది. మొదట భోజనాల బల్ల మీద చేసేదాన్ని. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు, బర్నర్ మూతి ఇంకో 18 పైన, అంటే మంట నేల నుంచి 93లో ఉంది. నా ఎత్తు 158. మామూలు కుర్చీలో కూర్చుంటే నా మోచెయ్యి 67 దగ్గర ఉంటుంది. మోచెయ్యి బల్ల మీద పెట్టాలంటేనే భుజాలు ఎనిమిది సెంటీమీటర్లు ఎగరేయాలి, గంటల తరబడి అలాగే ఉండాలి. భుజాలు నొప్పని బర్నర్‌ని టీపాయ్ మీదికి దించాను. భుజాలు దిగాయి, కానీ మొహం మంట వైపు పోయింది. మన తలే నాలుగైదు కిలోలు, అది భుజాల మీద నిటారుగా ఉన్నంతసేపు మెడకు బరువు తెలియదు, ముందుకు చాచామంటే మెడ వెనక కండరాలు దాన్ని తాడుతో లాగి పట్టినట్టు పట్టుకోవాలి. బిందె చంకలో పెట్టుకుని మొయ్యడానికీ చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఎంత తేడా ఉందో అంత.

మళ్ళీ భోజనాల బల్ల దగ్గరికే వచ్చి ఈసారి నిలబడి చూశాను. నిలబడితే నా మోచెయ్యి 99లో ఉంటుంది, మంట 93లో. చేతులకు హాయిగా ఉంది, మెడా తేలికైంది. మూడు వారాలు ఎంత సంతోషమో! తర్వాత ఏప్రిల్ వచ్చింది.

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే అంటే తెలిసిందే, బయట నలభై దాటుతుంది, లోపల మంట వెలుగుతుంటే ఫ్యాన్ వేయలేం, గాలికి మంట చెదురుతుంది, వేడి గాజు టప్పున పగులుతుంది. నడుస్తుంటే పిక్కల కండరాలు పంపులా పనిచేసి కాళ్ళలోని రక్తాన్ని పైకి తోస్తాయి. కదలకుండా నిలబడితే ఆ పంపు ఆగుతుంది, చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది, అదే నడిస్తే ముప్పైకి అటూఇటూ పడిపోతుంది. ఎండాకాలం చర్మంలోని రక్తనాళాలు కూడా వెడల్పవుతాయి కాబట్టి రక్తం ఇంకా కిందే నిలుస్తుంది, మెదడుకు తగ్గుతుంది. ఒక మధ్యాహ్నం కళ్ళు బైర్లు కమ్మాయి. మంట వెలుగుతోంది, చేతిలో ఎర్రగా కాలిన గాజు ఉంది. ఏమీ కాలేదు, గ్యాస్ కట్టేసి గోడకు చేరగిలబడి కూర్చున్నాను. ఆ టెన్షన్ మాత్రం చాలా రోజులు పోలేదు.

అప్పుడే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఊళ్ళో ఒక ప్రయోగశాలలో ముప్పై ఏళ్ళు గాజు పరికరాలు ఊది రిటైరయిన మనిషి. రసాయన పరిశోధన ఇంత ఉన్న నగరం కదా ఇది, కండెన్సర్లు, వాక్యూమ్ గొట్టాలు, వంకర అతుకుల ఫ్లాస్కులు చేసిపెట్టే ఇలాంటి చేతులు వెనక లేకపోతే చాలా ప్రయోగాలు మొదలే కావు. ఆయన పనంతా నిలబడే. బోరోసిలికేట్ అనే వేడికి తట్టుకునే గాజు గొట్టం మీటరున్నర పొడవుంటుంది, 820 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కానీ అతుకు బాగా కలవాలంటే 1,200 దాటాలి, అంత మంట ముందు అంత పొడుగు గొట్టం రెండు చేతులతో తిప్పుతూ, ఊదుతూ, అవసరమైతే ఒక్క అడుగు వెనక్కి వేయగలగాలి. కూర్చుంటే మోకాళ్ళు బల్ల కింద ఇరుక్కుని ఉంటాయి, ఆ అడుగు వేయలేం. నా ఒళ్ళో పూస పడ్డ రోజు గుర్తుకొచ్చింది.

నేను చేస్తుంటే ఆయన నా చేతులు చూడలేదు, పక్కకు వచ్చి నిలబడి నా మెడ చూశారు. "బిడ్డా, మంటను నీ దగ్గరికి తెచ్చుకో, నువ్వు మంట దగ్గరికి పోతున్నవ్" అన్నారు. తర్వాత నా కళ్ళజోడు తీసి చూశారు. మామూలు చత్వారం అద్దాలు, దగ్గరిది కనిపించేది కింది సగంలో. దానితో మంటలోకి చూడాలంటే గడ్డం ఎత్తాలి, గడ్డం ఎత్తి మెడ ముందుకు చాపాలి. పైగా గాజులోని సోడియం కాలినప్పుడు 589 నానోమీటర్ల దగ్గర పసుపు వెలుగు చిమ్ముతుంది, పూస దాని వెనక మరుగైపోతుంది, కనిపించట్లేదని ఇంకా వంగుతాం. డిడీమియం అద్దాలు సరిగ్గా ఆ పసుపునే మింగేస్తాయి. 1841లో మోసాండర్ అనే స్వీడన్ శాస్త్రవేత్త ఒక కొత్త మూలకం అనుకుని 'కవల' అనే అర్థంలో దానికా పేరు పెట్టాడు, 1885లో ఔయర్ అనే ఆస్ట్రియా రసాయనవేత్త అది ప్రసియోడైమియం, నియోడైమియం అని రెండు మూలకాలని తేల్చాడు. అద్దానికి పాత పేరే ఉండిపోయింది. మంట దూరానికి సరిపోయే పవర్‌తో, అద్దం నిండా ఒకే పవర్‌తో డిడీమియం జోడు చేయించుకున్నాక నా తల దానంతటదే ఒక జానెడు వెనక్కి వచ్చింది. బోరోసిలికేట్ గాజు చేసేవాళ్ళకు ఇది చాలదు, ఆ వేడికి వచ్చే పరారుణ కాంతిని ఆపే ముదురు అద్దాలు కావాలి.

తల వెనక్కి రావడంలో ఊపిరికీ లాభం ఉంది. ఆ వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి, మంట సరిగ్గా లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ కూడా. ఇవన్నీ వేడిగాలితో నిట్టనిలువుగా పైకి పోతాయి. నిలబడి మంట మీదికి వంగినవాళ్ళ ముక్కు సరిగ్గా ఆ దారిలో ఉంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ మన వెనక కాదు, మంటకు అవతల ఉండాలి. వెనక పెడితే ఆ పొగనంతా మన మొహం మీదుగానే లాగుతుంది.

చివరికి వడ్రంగి చేత 90 సెంటీమీటర్ల బల్ల చేయించి పైన స్టీలు రేకు వేయించాను, 70 సెంటీమీటర్ల స్టూలు, దానికి కాళ్ళు పెట్టుకునే కడ్డీ. స్టూలు మీద నా మోచెయ్యి 92లో ఉంటుంది, మడత పెట్టిన తువ్వాలు మీద మెత్తగా ఆనుతుంది. ఆ తువ్వాలు ముఖ్యం. చిటికెన వేలికి, ఉంగరపు వేలికి వెళ్ళే అల్నార్ నరం మోచేతి లోపలి ఎముక పక్కన చర్మం కిందే ఉంటుంది, గట్టి బల్ల అంచు దాన్ని నొక్కుతుంటే వేళ్ళు తిమ్మిరెక్కకుండా ఎలా ఉంటాయి! స్టూలు పక్కకు తోస్తే అదే బల్ల దగ్గర, అదే మంట ముందు నిలబడి కూడా చేయగలను, మంట మోచేతికి బెత్తెడు పైన ఉంటుందంతే. పూసలు పొద్దున పది లోపు కూర్చుని, గొట్టం పని నిలబడి, మధ్యలో నీళ్ళకో, పూసలు మెల్లగా చల్లారే కిల్న్ (కొలిమి) చూడటానికో లేచి నాలుగు అడుగులు.

పోయిన నెల పెద్దాయన మా ఇంటికి వచ్చారు. చేసిన పూసలు పళ్ళెంలో పోసి చూపిస్తే తర్వాత చూస్తానన్నారు. బర్నర్ వెలిగించమని, నాకు పక్కగా గోడ దగ్గర నిలబడి, నా చెవి భుజానికి సరిగ్గా పైన ఉందో లేదో చాలాసేపు చూస్తూ ఉన్నారు.