గట్టు మీద ఎలుక, చేలో కోత

సార్వా (వానాకాలం వరి) పొట్ట దశకు, అంటే కంకి బయటపడే ముందు దశకు వచ్చిందంటే గోదావరి డెల్టాలో ఎలుకల తగువు మళ్లీ రేగుతుంది. ఎలుకలన్నీ చేపల, రొయ్యల చెరువుల గట్ల మీద నుంచే దిగుతున్నాయని వరి రైతులు. అవి మీ చేలో పుట్టినవే అని చెరువుల వాళ్లు. మందు ఇచ్చాం కదా, అందరూ ఒకేరోజు పెట్టలేదు కదా అని అధికారులు. ఆనకట్ట, కాలువలు, దాళ్వా (రబీ వరి) రావడం ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలిసిన కథే కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టను.

అసలు ఎలుక అని మనం అనే మాటలో కనీసం మూడు జంతువులున్నాయి. ఒకటి పందికొక్కుల్లో చిన్న జాతి, పావుకిలో అటూఇటూ తూగుతుంది. (ఇంగ్లీషు వాళ్ల ‘బాండికూట్’ మన పందికొక్కే.) రెండోది మెట్ట ఎలుక, మెత్తటి బొచ్చుతో వంద గ్రాముల లోపే ఉంటుంది. మూడోది చిట్టెలుక. అది పది గ్రాములుంటే గొప్ప. మూడూ ఒకే ఎకరంలో బతుకుతాయి గానీ ఒకే కంచంలో తినవు. చిట్టెలుకకు గడ్డి గింజలు, పురుగులు చాలు. మెట్ట ఎలుక లేత దుబ్బులు, పచ్చగడ్డి, గింజలు తింటుంది గానీ పెద్దగా దాచుకోదు, ఖాళీగా దొరికితే ఇతరుల కన్నంలోనే దూరుతుంది. కొక్కు సంగతి వేరు. పిలకను మొదట్లో ఏటవాలుగా కొరికి పడేస్తుంది. తినేదానికంటే కోసేది ఎక్కువ. కంకులు మాత్రం కన్నంలోకి లాక్కెళ్లి దాచుకుంటుంది. డెల్టా వరిలో నష్టం అంటే ప్రధానంగా దీని పనే.

పాలకొల్లు వైపు ఒక ఊళ్లో కిందటి దాళ్వా కోతలప్పుడు, ఎలుకలు పట్టడానికి బుట్టలు పెట్టే ఒకాయన గట్టు తవ్వుతుంటే పక్కన నిలబడి చూశాను. కన్నం నోటి దగ్గర పొడి మట్టి కుప్పగా ఉంది, నోరు లోపలి నుంచి మూసేసి ఉంది. ఎలుక లోపలుందనడానికి అదే గుర్తట. మోకాలి లోతు దిగేసరికి ఒక గది వచ్చింది. అందులో కంకులు, కాడలన్నీ దాదాపు ఒకే పక్కకు పెట్టి, ఎవరో పేర్చినట్టున్నాయి. ఆయన దోసిట్లోకి తీస్తే మూడు నాలుగు దోసిళ్లయ్యాయి. ఆ గింజలు ఆయన ఇంటికే. పూర్వం యానాదులకు ఈ కన్నాల వడ్లు ఒక పూట తిండి.

ఎర మందు సంగతి అడిగాను. “కంకి ఈనాక మందెందుకండీ? పెళ్లిభోజనం వడ్డించేసి, పక్కన చద్దిమెతుకులు పెడితే ఎవరు తింటారండీ?” అన్నాడు.

ఆయన అన్నది శాస్త్రంతో సరిపోతుంది. ఎర మందు పనిచేసేది ఎలుకకు చేలో వేరే తిండి తక్కువగా ఉన్నప్పుడే, అంటే నారుమళ్ల రోజుల్లో, నాట్లయ్యాక మొదటి వారాల్లో. పొట్ట దశ తర్వాత చేలోనే అంతకంటే మంచి తిండి ఉంటుంది. పైగా సరిగ్గా అప్పుడే కొక్కు ఎక్కువగా ఈనుతుంది. మూడు వారాల గర్భం, ఈతకు ఆరేడు పిల్లలు. ఫిర్యాదులు వచ్చాక మందు పంచితే ఏమవుతుందో లెక్క కట్టుకోవచ్చు.

మందుల్లోనూ తేడా ఉంది. నల్లపొడిగా దొరికే జింక్ ఫాస్ఫైడ్ గంటల్లోనే చంపుతుంది. కానీ కొంచెం కొరికి, కడుపు తిప్పి బతికి బయటపడిన ఎలుక మళ్లీ కొన్ని వారాలు దాని జోలికి రాదు. అందుకే మందు లేని నూకలతో రెండు మూడు రోజులు ముందు అలవాటు చేయాలి. ఎంతమంది చేస్తున్నారో ఊరికి తెలుసు. తర్వాత వచ్చిన బ్రోమాడయోలోన్‌ను 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల మందు చొప్పున కలిపి పొట్లాలు కట్టి కన్నాల్లో వేస్తారు. రోజుల తరబడి రక్తం గడ్డకట్టకుండా చేసి చంపుతుంది కాబట్టి ఎలుకకు అనుమానం రాదు. జెర్రిపోతులు, గుడ్లగూబలు ఆ ఎలుకల్ని తిని చస్తే వాటి లెక్క ఎవరూ రాయరు.

మందు పనిచేసిందో లేదో చూడటానికి కన్నాలు లెక్కపెట్టే పద్ధతితోనూ ఒక చిక్కుంది. సాయంత్రం అన్నీ మూసి, మర్నాడు తెరుచుకున్నవాటినే బతికున్న కన్నాలంటారు. కొక్కు చచ్చిన కన్నంలో మెట్ట ఎలుక చేరితే అదీ తెరుచుకుంటుంది. మందు పనిచేయలేదని రైతు అంటాడు. మందు పనిచేయకపోవడం, ఖాళీ కన్నంలో ఇంకో ఎలుక చేరడం ఒకటి కాదు.

ఇక అసలు మలుపు. చెరువులు చేల మధ్యకు వచ్చిన కథను కొందరు 2011 కోనసీమ క్రాప్ హాలిడే (రైతులు వరి వేయడం మానేసిన సీజన్) దగ్గర మొదలుపెడతారు. నా లెక్కలో అది రెండేళ్లు ముందే మొదలైంది. 1990ల్లో వచ్చిన టైగర్ రొయ్యల సాగు ఎక్కువగా సముద్రం ఒడ్డు వైపే సాగింది. తెల్లమచ్చ వైరస్‌తో కుప్పకూలింది కూడా. 2009లో వనామీకి అనుమతి దొరికింది. ఉప్పు తక్కువున్న నీళ్లలోనూ బతికే రొయ్య అది. దాంతో రొయ్యల చెరువులు ఒడ్డు వదిలి వరి మధ్యకు వచ్చేశాయి. ఎకరం చెరువు, పక్కన ఎకరం చేను, మధ్యలో ఒకే గట్టు.

ఎలుక లెక్కలో చెరువు నీళ్లతో పనిలేదు, గట్టుతోనే పని. వరిచేను గట్టు సన్నగా, అడుగులోపు వెడల్పుతో ఉంటే కొక్కు కన్నం పెట్టలేదు. అది పాత సలహా. చెరువు గట్టు లారీ తిరిగేంత వెడల్పు, ఎప్పుడూ పొడిగా, గడ్డి కప్పుకుని ఉంటుంది. వరద నీళ్లు అక్కడికి ఎక్కవు. పూర్వం ఏప్రిల్‌లో దాళ్వా కోసేసి కాలువలు కట్టేస్తే, జూన్‌లో నీళ్లు వదిలేదాకా కొక్కుకు కరువు. గడ్డివాముల్లో, కాలువ గట్ల మీద కొన్నే మిగిలేవి. ఆ ఆకలి రెండు నెలలే డెల్టాకు అసలైన ఎలుకల మందు. ఇప్పుడు చెరువు గట్టు మీదే మేత షెడ్డు ఉంటుంది. చేపల చెరువుల్లో అయితే నూనె తీసిన తవుడును చిల్లుల సంచుల్లో నింపి కర్రలకు కడతారు, కింద పడ్డది పడ్డట్టే ఉంటుంది. ఎలుకల ఎండాకాలం తిండి ఖర్చు ఎవరో పెట్టినట్టే కదా?

చెరువుల వాళ్ల వాదనా ఉంది. కన్నాలు పడితే ముందు తెగేది వాళ్ల గట్టే, నీళ్ల పక్కన మందు వేయాలంటే భయం. నిజమే. కానీ ఎకరానికి ఇన్ని బస్తాలని మాట ఇచ్చిన కౌలు రైతు, ఎలుక కొట్టినా ఆ బస్తాలు కొలవాల్సిందే. చెరువుకు మేత బిల్లులో పోయేది అతనికి ఇంటి గింజల్లో పోతుంది.

మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో ఎలుకల మీద పనిచేసే విభాగమే ఉంది. అక్కడి నుంచి వచ్చే సలహా అందరికీ తెలిసిందే: ఊరంతా ఒకేరోజు, ముందుగా, గట్లతో సహా. ఈ ‘గట్లతో సహా’ దగ్గరే పంచాయతీ. చేను గట్టు రైతుది, చెరువు గట్టు చెరువు వాడిది. పొట్లాలు మాత్రం చేలకు లెక్కగట్టి ఇస్తారు.

నేను చూసిన ఆయన ఈ సీజన్‌లో మళ్లీ బుట్టలు పెడుతున్నాడు. వెదురుతో అల్లిన బుట్టలో నాలుగు వడ్లు, పైన వంచిన బద్ద, దానికి తాడు. ఎలుక గింజ ముడితే బద్ద లేచి తాడు మెడకు బిగుస్తుంది. తెల్లారి తోకలు లెక్కపెట్టి డబ్బులు. చేలో పెడితే రోజుకు పడేవి తగ్గాయట. చెరువు గట్టు మీద పెడతానంటే యజమాని మనుషులు ఎక్కనివ్వలేదు. రొయ్యల దొంగతనాలని వాళ్ల భయం. బుట్టలు ఆ గట్టు కింద, చేను వైపు వరసగా ఉన్నాయి.