ఆకు పొరల మధ్య కాపురం

వాన మొహం చాటేసిన ఏడాది, ఆగస్టు నెలాఖరులో అనంతపురం నుంచి ధర్మవరం వైపు వెళ్తుంటే శెనక్కాయ చేలు దూరానికి నిప్పంటుకుని ఆరినట్టు కనిపిస్తాయి. ఎండకు మాడాయేమో అనుకుంటాం. చేలోకి దిగి ఒక ఆకు తుంచి వెలుతురుకు పట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఆకులో ఒకచోట పచ్చదనం ఖాళీ. అందులో నల్లటి రెట్ట చుక్కలు, పక్కనే సన్నటి పురుగు. రైతులు ముడత పురుగంటారు. శాస్త్రనామం అప్రోఎరీమా మోడిసెల్లా.

తల్లి చిన్నపాటి బూడిదరంగు రెక్కల పురుగు. రాత్రిళ్లు తిరుగుతుంది, దీపానికి వస్తుంది. వందకు పైగా గుడ్లను ఎక్కువగా ఆకుల అడుగున, ఒక్కొక్కటిగా పెడుతుంది. 3, 4 రోజుల్లో పిల్లపురుగు పుట్టి ఆకును తొలుచుకుని లోపలికి పోతుంది. పైపొర తినదు, కిందిపొర తినదు. ఓళిగ చినగకుండా పూర్ణం ఒక్కటే తిన్నట్టు, మధ్యలోని పచ్చటి కండ మాత్రం లాగించేస్తుంది. ఈ దశలో ఆకు మీద పడిన మందు దానికి సరిగా తగలదు. పై పొరే గొడుగు మరి!

వారం తిరక్కుండానే ఒళ్లు పెరిగి ఇల్లు ఇరుకవుతుంది. బయటికొచ్చి ఆకును మడిచో, పక్క ఆకుతో కలిపో పట్టుదారంతో కుట్టేసుకుంటుంది. ఆ ముడతలోనే తిండి, ఆ ముడతలోనే ప్యూపా, అంటే రెక్కలొచ్చేముందు కదలకుండా ఉండే దశ. పిల్లపురుగు మగదైతే లేతాకుపచ్చ చర్మం కింద గులాబీ రంగు మచ్చ కనబడుతుంది. అవి దాని వృషణాలు! గుడ్డు నుంచి రెక్కల దాకా నెల లోపే. పంట చేతికొచ్చేలోగా మూడు తరాలైనా తిరుగుతాయి. మొదటి తరాన్ని ఎవరూ పట్టించుకోరు, టెన్షన్ మొదలయ్యేది రెండోదానితో. గట్టి వాన పడితే పురుగు తగ్గుతుంది, బెట్ట పెడితే చెలరేగుతుంది. మన జిల్లాలో బెట్టకు కొదవేముంది?

నాకు విచిత్రంగా తోచేది ఇంకోటుంది. శెనక్కాయ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట, పురుగేమో దక్షిణాసియాది. సోయా, కంది, పశువుల మేతకు వేసే లూసర్న్, గట్ల మీది బావంచాలు కూడా తింటుంది. శెనక్కాయ రాకముందు ఇలాంటి మన మొక్కల మీదే బతికి ఉండాలి. ఇప్పటికీ శెనక్కాయ పీకేశాక సాళ్లలో కంది నిలబడే ఉంటుంది కదా, దానికి తిండి కరువు లేదు.

శత్రువులు లేకపోలేదు. కొన్ని బుల్లి కందిరీగలు దీని ఒంట్లోనే గుడ్లు పెడతాయి. మొన్న చిన్నాన్న చేలో పది ముడతలు విప్పి చూశాను. రెండింట్లో పురుగు లేదు, కందిరీగ గూడుంది. చిన్నాన్న ఆ రెండాకులనూ మళ్లీ మడిచి చెట్టు మొదట్లో పెట్టాడు.